బండి దిగి బండి ఎక్కేవాళ్ల దారి ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ పునర్నిర్మాణం గురించి పత్రికల్లో వచ్చే ప్రతి వార్తా చదువుతాను. కొత్త భవనం నమూనా చిత్రాలు చూశాను. లిఫ్టులు, ఎస్కలేటర్లు, పార్కింగు, ప్లాట్‌ఫామ్‌ల మీదుగా నూరు మీటర్లకు పైబడిన వెడల్పుతో కట్టే పైఅంతస్తు, అన్నీ వివరంగా రాశారు. ఊళ్లోంచి స్టేషన్‌కు వచ్చేవాళ్లకు ఒక దారి, బండి దిగి ఊళ్లోకి వెళ్లేవాళ్లకు వేరే దారి ఉంటాయనీ రాశారు. ఈ ఇద్దరూ కాని మూడో రకం ప్రయాణికులు ఉన్నారు. ఒక బండి దిగి, స్టేషన్ గడప దాటకుండానే ఇంకో బండి ఎక్కేవాళ్లు. పనులు నడిచే కాలంలో అందరికన్నా ఎక్కువ అవస్థ పడేది వాళ్లే. వాళ్ల గురించి నాకు ఎక్కడా ఒక్క వాక్యం కనిపించలేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవాలని మనవి.

మాది మంగళగిరి. మా మామగారి కాలం దాకా ఇంట్లో గుంట మగ్గం ఆడేది. ఇప్పుడు నేనూ, మా వదినా చేనేతవాళ్ల దగ్గర చీరలు తీసుకుని కామారెడ్డి, నిజామాబాద్ వైపు తీసుకెళ్లి అమ్ముతాం. నిజాం అంచు నూలు చీర అంటే అక్కడి బడిపంతులమ్మలకు, బ్యాంకుల్లో పనిచేసే ఆడవాళ్లకు ఎంతో ఇష్టం. బతుకమ్మకు ముందు, సంక్రాంతికి ముందు, బళ్లు తెరిచే రోజుల్లో మాకు ఊపిరి సలపదు. ఫోనులో ఫొటోలు పంపి, పార్శిల్ చేస్తే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. నూలు చీరను చేత్తో పట్టుకుని, అంచు వేళ్ల మధ్య నలిపి చూసుకుంటే గానీ సగం మంది కొనరు. కాబట్టి ప్రయాణం తప్పదు.

గుంటూరులో ఎక్కితే నడికుడి, మిర్యాలగూడ, నల్లగొండ, బీబీనగర్ మీదుగా సికింద్రాబాద్. అక్కడ దిగి మల్కాజ్‌గిరి, బొల్లారం, మేడ్చల్ మీదుగా వెళ్లే బండి ఎక్కాలి. విజయవాడ నుంచి నేరుగా ఆ వైపు వెళ్లే బండి లేకపోలేదు. అది నిజామాబాద్ చేరేసరికి బాగా పొద్దుపోతుంది. సరుకుతో, తిరుగు ప్రయాణంలో అయితే డబ్బుతో, ఆ వేళ ఇద్దరు ఆడవాళ్లం దిగి ఎక్కడికి పోతాం? పగటి బండిలో వచ్చి సికింద్రాబాద్‌లో మారడమే మాకు క్షేమం. మావంటి వాళ్లు చాలా మంది ఉన్నారు. పల్నాడు నుంచి బాసర వెళ్లే పిల్లల తల్లిదండ్రులు, నిజామాబాద్ నుంచి గుంటూరు ఆసుపత్రులకు వచ్చేవాళ్లు, మహబూబ్‌నగర్ నుంచి వరంగల్ వెళ్లే కూలి జనం, పరీక్షలకు తిరిగే కుర్రవాళ్లు. దక్షిణానికి, ఉత్తరానికి, తూర్పుకు, పడమటికి పోయే లైన్లన్నీ కలిసేచోటు కాబట్టే సికింద్రాబాద్ ఇంత పెద్ద స్టేషన్ అయింది. 1874లో నిజాం కాలంలో అక్కడ రైలు మొదలైన నాటి నుంచీ అది బండ్లు మారే ఊరే.

ఇదివరకు అరగంట వ్యవధి ఉంటే మాకు ధీమా. ఏ ప్లాట్‌ఫామ్ నుంచి ఏ ప్లాట్‌ఫామ్‌కు ఎలా వెళ్లాలో కాళ్లకే తెలుసు. రిజర్వేషన్ ఏ పెట్టెలో ఉన్నా సరే, మౌలాలి దాటగానే మూటలు తీసుకుని పెట్టెలోంచి పెట్టెలోకి నడిచి, వంతెన మెట్లకు ఎదురుగా ఆగే తలుపు దగ్గర నిలబడేవాళ్లం. బండి ఆగగానే మెట్లు. జనం మెట్ల దగ్గరికి చేరేలోపు మేం వంతెన మీద ఉండేవాళ్లం. మా వదినకు మోకాళ్ల నొప్పులు. ఎక్కడం కన్నా దిగడం కష్టం ఆమెకు. అందుకని దిగేటప్పుడు మెట్లు కాకుండా వాలు దారి ఎక్కడుందో చూసుకుని అటు వెళ్లేది. మూటలు ఒక్కొక్కరికి రెండు, దుప్పటి గుడ్డలో కట్టి పైన ప్లాస్టిక్ పట్టా చుట్టినవి. నేలమీద పెట్టి లాగడానికి లేదు. వాన నీళ్లో, నూనె మరకో తగిలిందంటే తెల్ల నూలు చీర మళ్లీ అమ్మకానికి పనికిరాదు.

పనులు మొదలయ్యాక ఈ తెలివంతా అక్కరకు రాకుండా పోయింది. ఒక పూట తెరిచి ఉన్న మెట్లు ఇంకో పూట రేకులతో మూసి ఉంటాయి. వాలు దారి ముందు ఇనుప దూలాలు. ప్లాట్‌ఫామ్ సగం వెడల్పు కంచె లోపలికి పోతుంది, మిగతా సగంలో దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు, పార్శిల్ బండ్లు, కూర్చోవడానికి చోటు లేక సామాను మీద కూర్చున్నవాళ్లు. రెండు వంతెనల మీద నడిచే జనం ఒకే వంతెన మీదికి వస్తే మెట్ల మొదట్లోనే పది నిమిషాలు పోతాయి. ఇవన్నీ పని జరిగేచోట తప్పవు. నేను ఎవరి మీదా నింద వేయడానికి రాయడం లేదు. 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన జరిగి, సుమారు 720 కోట్ల రూపాయలతో సాగుతున్న పని అది. పూర్తయితే మా వదిన మోకాళ్లకే మొదటి మేలు. రోజూ వేల మంది నడిచేచోట బండ్లు ఆపకుండా కట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఎలా తెలుసంటే, మా మరిది రైల్వే ట్రాక్ మీద పనిచేసి రిటైరయ్యాడు. నేను విసుక్కుంటే ఆయన కూర్చోబెట్టి చెప్పాడు. పట్టాల పైన తీగల్లో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. దాని మీదుగా ఒక ఇనుప దూలం ఎక్కించాలంటే ఆ లైనుకు కరెంటు ఆపాలి, బండ్లు ఆపాలి. దాన్ని బ్లాక్ తీసుకోవడం అంటారు. బ్లాక్‌కు ఒక వేళ ఇస్తారు. ముందు రావలసిన బండి ఆలస్యమైతే బ్లాక్ ఆలస్యంగా మొదలవుతుంది, పని ఆలస్యంగా ముగుస్తుంది, ఈలోగా ఆ ప్లాట్‌ఫామ్‌కు రావలసిన బండ్లను పక్క ప్లాట్‌ఫామ్‌లకు తిప్పాలి. ఒక బండిని తిప్పితే దాని వెనకాల బండికి చోటు పోతుంది. ప్లాట్‌ఫామ్ నంబరు చివరి నిమిషంలో ఎందుకు మారుతుందో అప్పుడు అర్థమైంది. సిగ్నల్ క్యాబిన్‌లో కూర్చున్నవాళ్లకు కూడా అరగంట ముందు తెలియకపోవచ్చు.

ఆయన చెప్పిన ఇంకో సంగతి నన్ను బాగా ఆలోచింపజేసింది. బండి వేళల పట్టికలో చివరి స్టేషన్‌కు ముందు కొన్ని నిమిషాలు ఎక్కువ కలిపి ఉంచుతారట. దారిలో జరిగిన ఆలస్యం అక్కడ సర్దుకోవడానికి. పల్నాడు ఎక్స్‌ప్రెస్ సంగతే తీసుకోండి. గుంటూరులో బయలుదేరి సికింద్రాబాద్ మీదుగా వికారాబాద్ దాకా వెళుతుంది. అటువంటి బండి చర్లపల్లి దాకా వేళకే వచ్చి, ముందు ప్లాట్‌ఫామ్ ఖాళీ లేక మౌలాలి దాటాక ఔటర్‌లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, ఇరవై నిమిషాలు నిలబడినా, చివరి ఊరికి వేళకో, కాస్త అటూ ఇటూగానో చేరిపోతుంది. బండి లెక్కలో ఆలస్యం జరగలేదు. మధ్యలో మారవలసినవాళ్ల లెక్కలో మాత్రం నిజామాబాద్ బండి వెళ్లిపోయింది. ఈ ఇరవై నిమిషాలు ఏ లెక్కలోకీ రావు. మూడో రకం ప్రయాణికులు ఎవరికీ కనబడరు అని నేను అనడానికి అసలు కారణం ఇదే. బండ్లను లెక్కపెట్టే పద్ధతి ఉంది, టికెట్లను లెక్కపెట్టే పద్ధతి ఉంది. ఇవాళ ఎంతమందికి రెండో బండి తప్పిపోయింది అని లెక్కపెట్టే పద్ధతి ఉండాలి కదా.

ఇక స్టేషన్లే మారిపోవడం ఇంకో చిక్కు. 2025 వేసవిలో పైఅంతస్తు పనుల కోసం చాలా బండ్లను చర్లపల్లికి, కాచిగూడకు, నాంపల్లికి, మరికొన్ని చోట్లకు మళ్లించారు. చర్లపల్లి టెర్మినల్ మంచి స్టేషన్. 400 కోట్లకు పైగా ఖర్చుతో కట్టి, 2025 జనవరి 6న ప్రారంభించారు. 9 ప్లాట్‌ఫామ్‌లు, విశాలంగా, శుభ్రంగా ఉంటుంది. అక్కడే ఊళ్లోకి వెళ్లేవాళ్లకు, అక్కడే బండి ఎక్కేవాళ్లకు అలవాటైతే సరిపోతుంది. చర్లపల్లిలో దిగి కాచిగూడలో ఎక్కవలసినవాళ్ల మాట ఏమిటి? నిజామాబాద్ వైపు బండ్లు కొన్ని కాచిగూడలో బయలుదేరి, సికింద్రాబాద్‌కు రాకుండానే మల్కాజ్‌గిరి మీదుగా వెళ్లిపోతాయి. 2024 మార్చిలో ఘట్‌కేసర్, లింగంపల్లి మధ్య ఎంఎంటీఎస్ లోకల్ బండి మొదలైంది, చర్లపల్లి ఆ దారిలోనే ఉంది. అయితే అది మౌలాలి నుంచి సనత్‌నగర్ వైపు తిరిగి పోతుంది, సికింద్రాబాద్‌కు రాదు. ఇవన్నీ హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు తెలుస్తాయి. మిర్యాలగూడలో బండి ఎక్కిన ముసలాయనకు ఎలా తెలుస్తాయి? ఆయన దృష్టిలో అదంతా ఒక్క ఊరే. ఒకే ఊళ్లో దిగి, అదే ఊళ్లో ఎక్కుతున్నానని అనుకుంటాడు. చర్లపల్లిలో దిగాక తెలుస్తుంది, తన రెండో బండికి ఆటోలో ఊరంతా దాటాలని, దానికి టికెట్టు కన్నా ఎక్కువ డబ్బవుతుందని.

ఈ విషయంలో మీ పత్రికకు ఒక విన్నపం. మళ్లించిన బండ్ల జాబితా వచ్చినప్పుడల్లా మీరు ప్రచురిస్తున్నారు. అది ఎంతో మేలు. కానీ ఆ జాబితా బండి నంబర్ల వరుసలో ఉంటుంది. బండి మారేవాళ్లు చదివేది ఒక బండి గురించి కాదు, బండ్ల జంట గురించి. గుంటూరు వైపు నుంచి వచ్చి నిజామాబాద్ వైపు వెళ్లేవాళ్లు ఎక్కడ దిగాలి, ఎక్కడ ఎక్కాలి, మధ్య దారి ఏది. మహబూబ్‌నగర్ వైపు నుంచి కాజీపేట వైపు వెళ్లేవాళ్లకు ఎలా. వికారాబాద్ వైపు నుంచి నల్లగొండ వైపు వెళ్లేవాళ్లకు ఎలా. అయిదారు దారులే ఉన్నాయి, వాటి జంటలు ఒక చిన్న పెట్టెలో పడతాయి. రైల్వేవాళ్లను అడిగి అలాంటి పట్టిక ఒకటి వేస్తే కత్తిరించి పర్సులో పెట్టుకుంటాం. జిల్లా ఎడిషన్లలో వేస్తే ఇంకా మంచిది, ఎందుకంటే దాని అవసరం హైదరాబాద్‌వాళ్లకు కాదు, మాకు.

రైల్వేలో ఒక మంచి నియమం ఉంది. చాలా మందికి తెలియదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. 2019 ఏప్రిల్ 1 నుంచి, రెండు బండ్లలో వరుసగా ప్రయాణం చేసేవాళ్లు తమ రెండు రిజర్వేషన్ టికెట్ల పీఎన్ఆర్ నంబర్లను ఒకదానికొకటి కలుపుకోవచ్చు. మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోతే, ప్రయాణం చేయని భాగానికి కట్టిన డబ్బు కోత లేకుండా తిరిగి ఇస్తారు. రెండు టికెట్లలోనూ ప్రయాణికుల పేర్లు, వయసు, మిగతా వివరాలు ఒకేలా ఉండాలి. బండి చేరాక ఆలస్యం చేయకుండా అడగాలి. మా వదిన పేరు ఒక టికెట్టులో ఇంటిపేరుతో, ఇంకోదానిలో ఇంటిపేరు లేకుండా ఉంటే కుదరదన్నమాట. టికెట్టు తీసేటప్పుడే ఇది చూసుకోండి.

ఇంత మంచి నియమం పనుల కాలంలో ఎంత మందికి అక్కరకు రావాలి! స్టేషన్‌లో ఎక్కడైనా తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెడితే బాగుంటుంది. దిగేది ఒక స్టేషన్, ఎక్కేది ఇంకో స్టేషన్ అయినప్పుడు ఏం చేయాలో కూడా ఆ బోర్డు మీదే స్పష్టంగా రాయాలి. ఎందుకంటే ఇప్పుడు చాలా మంది పరిస్థితి అదే. పైగా డబ్బు తిరిగి రావడం ఒక్కటే చాలదు. అప్పటికప్పుడు ఇంకో బండిలో సీటు దొరకదు కదా. బండి తప్పిపోయిన రోజున, ఆ టికెట్టుతోనే అదే వైపు వెళ్లే తరువాతి బండి ఎక్కనివ్వాలి. సీటు లేకపోతే నిలబడి వెళతాం. పనులు జరిగినంత కాలం ఈ వెసులుబాటు ఇస్తే రైల్వేకు పైసా నష్టం లేదు. ఇక జనరల్ టికెట్టుతో వెళ్లేవాళ్లకు పీఎన్ఆర్ నంబరే ఉండదు, కాబట్టి ఆ నియమం వాళ్లను తాకదు. బండ్లు మారి వెళ్లేవాళ్లలో జనరల్ పెట్టెలవాళ్లు ఎంతమందో ఏ స్టేషన్‌లో ఒక పూట నిలబడి చూసినా తెలుస్తుంది. తలమీద సంచి, చంకన పిల్ల, చేతిలో నీళ్ల సీసా. వాళ్ల ప్రయాణం చౌక కావచ్చు, వాళ్ల కాలం చౌక కాదు. ఒక పూట ఆలస్యమైతే ఒక రోజు కూలి పోయినట్టే.

ప్రకటనల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మైకులో మూడు భాషల్లో చెబుతారు. బండి నంబరు, పేరు, ప్లాట్‌ఫామ్ నంబరు. మామూలు రోజుల్లో ఇది చాలు. పనుల రోజుల్లో నంబరు తెలిసినంత మాత్రాన దారి తెలిసినట్టు కాదు. ఏడో నంబరు ప్లాట్‌ఫామ్ అని వింటాం. ఎదురుగా ఏడో నంబరు కనిపిస్తూనే ఉంటుంది, మధ్యలో పట్టాలు. దానికి చేరే వంతెన ఎటు? మౌలాలి వైపు కొసన ఉన్నదా, బేగంపేట వైపు కొసన ఉన్నదా? తప్పు వైపు నడిచి, అక్కడ రేకులు చూసి వెనక్కి తిరిగితే, మూటలతో, మోకాళ్ల నొప్పులతో, ఆ బండి ఇక దక్కదు. కాబట్టి ప్రకటనలో ఒక్క వాక్యం కలపమని అడుగుతున్నాను. "ఈ బండికి వెళ్లేవాళ్లు బేగంపేట వైపు వంతెన ఎక్కండి." అంతే. ఆ ఒక్క వాక్యం వింటే వందల మంది ఒకేసారి సరైన వైపు తిరుగుతారు. ఎదురెదురుగా నడిచే జనం తగ్గితే తోపులాట కూడా తగ్గుతుంది. పనిచేసేచోట తోపులాట ఎంత ప్రమాదమో నేను చెప్పనక్కరలేదు.

మెట్ల మొదట ఒక మనిషిని నిలబెట్టడం ఇంకా మంచి ఉపాయం. చేతిలో ఒక పలక, దాని మీద సుద్దతో ఆ గంటలో వెళ్లే బండ్లు, వాటి ప్లాట్‌ఫామ్‌లు, దారి. మారినప్పుడు తుడిచి మళ్లీ రాయడం. ఖరీదైన తెరలు పెట్టమని అనడం లేదు. తెరలో నంబరు మారేలోగా మనిషికి ముందే తెలుస్తుంది. పైగా మనిషిని అడగొచ్చు. చదువు రానివాళ్లకు, కంటిచూపు తగ్గినవాళ్లకు మనిషే కావాలి. ఒక జంక్షన్‌లో, పేరు అనవసరం, విచారణ కిటికీ దగ్గర అడిగితే గోడ మీది తెర వైపు వేలు చూపించారు. ఆ తెరలో నిజామాబాద్ అన్న మాటే రావడం లేదు, బండి చివరి ఊరు మహారాష్ట్రలోది కాబట్టి. మన ఊళ్లు దారిలోవి. దారిలో దిగేవాళ్లకు చివరి ఊరి పేరు తెలియాలని ఎక్కడుంది? పలక మీద రాసే మనిషి "కామారెడ్డి, నిజామాబాద్ వైపు" అని రాస్తే చాలు. ఊళ్లవాళ్లం దిక్కులను బట్టే వెళతాం.

ఇప్పుడు ఆ పని నిజంగా చేస్తున్నది కూలీలు. 2016లో రైల్వే బడ్జెట్‌లో వాళ్లకు సహాయకులు అని పేరు పెట్టారు. పేరుకు తగ్గట్టు సాయమే చేస్తున్నారు. ఏ మెట్లు పొద్దున మూశారు, ఏ లిఫ్టు నడుస్తోంది, ఏ బండి ప్లాట్‌ఫామ్ మారబోతోంది, వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. మాకు అలవాటైన ఒక పెద్దాయన ఉన్నాడు. మూటలు ఎత్తుకోవడం ఒక ఎత్తు, ముందు నడిచి దారి చూపడం ఇంకో ఎత్తు. "అమ్మా, ఇటు కాదు, ఇవాళ అటు" అని ఆయన అనకపోతే మేం చాలా సార్లు తప్పు మెట్ల దగ్గర నిలబడేవాళ్లం. నడిచే దూరం పెరిగింది, మెట్లు పెరిగాయి, జనంలో బరువుతో దారి చేసుకోవడం కష్టమైంది. ఆ మేరకు వాళ్ల కూలి పెరగాలని నా అభిప్రాయం. బేరం ఆడేవాళ్లు ఒక్కసారి ఆ మూట తమ తలమీద పెట్టుకుని వంతెన ఎక్కి చూడాలి. అవసరమైతే పనుల కాలానికి రైల్వేయే వాళ్లలో కొందరికి రోజు జీతం ఇచ్చి దారి చూపేవాళ్లుగా పెట్టుకోవచ్చు. వాళ్లకన్నా బాగా ఆ స్టేషన్ తెలిసినవాళ్లను ఎక్కడి నుంచి తెస్తారు?

రెండో బండిని కాసేపు ఆపవచ్చా అన్నది కష్టమైన ప్రశ్న. ఇంట్లో కూడా దీని మీద వాదన జరిగింది. మా మరిది ఒప్పుకోడు. పది మంది కోసం వెయ్యి మందిని ఆపితే, ఆ వెయ్యి మందిలో ముందు ఊళ్లో బండి మారవలసినవాళ్లు నూరు మంది ఉంటారంటాడు. దూరం వెళ్లే ఎక్స్‌ప్రెస్‌ల విషయంలో ఆయన మాట నిజమే. ఆపమని నేనూ అడగను. కానీ ఆ పూటకు ఆ వైపు వెళ్లే ఆఖరి ప్యాసింజరు బండి సంగతి వేరు. అది పోతే మర్నాటి దాకా గతి లేదు. మొదటి బండి మౌలాలి దగ్గర నిలబడి ఉందని బండ్లను నడిపించే కంట్రోల్ గదిలో కూర్చున్నవాళ్లకు తెలుసు. అలాంటప్పుడు అయిదు, పది నిమిషాలు ఆపితే ఒక రాత్రంతా ప్లాట్‌ఫామ్ మీద గడపవలసినవాళ్లు ఇంటికి చేరతారు. ఏ బండ్ల జంటలకు అలా ఆపుతారో ముందే నిర్ణయించి, రాసి ఉంచితే, అప్పటికప్పుడు ఎవరి దయ మీదో ఆధారపడనక్కరలేదు.

మాలాగా మారేవాళ్లకు, నాకు తెలిసిన నాలుగు మాటలు. ఫోనులో ముందు రోజు కనిపించిన ప్లాట్‌ఫామ్ నంబరును నమ్మి నడవకండి, దిగాక మైకు విని నడవండి. అరగంట వ్యవధి ఉన్న టికెట్లు ఇప్పుడు తీయకండి, రెండు గంటలు పెట్టుకోండి. పెద్దవాళ్లు వెంట ఉంటే ఇంకా ఎక్కువ. బయలుదేరేముందు రైల్వే విచారణ నంబరు 139కి ఫోను చేసి రెండో బండి సికింద్రాబాద్ నుంచే వెళుతోందా అని అడగండి, మొదటి బండి గురించి కాదు. బండి తప్పిపోతే ఏం చేయాలో ముందే అనుకుని ఉంచండి. మేమైతే జూబ్లీ బస్ స్టేషన్‌కు వెళతాం. కామారెడ్డి, నిజామాబాద్ బస్సులు అక్కడ దొరుకుతాయి, సికింద్రాబాద్ స్టేషన్‌కు దగ్గరే. సికింద్రాబాద్ వెస్ట్ మెట్రో స్టేషన్ నుంచి తరువాతి స్టాపే అది. మూటలతో మెట్రో కుదరదు కాబట్టి మేం ఆటో ఎక్కుతాం. తెలంగాణ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఆ రాష్ట్రం ఆడవాళ్లకు కాబట్టి మాకు టికెట్టు ఖర్చు ఉంటుంది. అది చీరల లాభంలోంచే పోతుంది. అయినా చీకటి పడకముందే చేరడం ముఖ్యం.

కొత్త భవనం కట్టేవాళ్లకు కూడా ఒక మాట. కొత్త నమూనాల్లో వచ్చేవాళ్లనూ పోయేవాళ్లనూ వేరు చేస్తారు. గుంపు తగ్గడానికి అది మంచిదే. మరి బండి మారేవాళ్లు ఏ దారిలోకి వస్తారు? దిగి, వెళ్లిపోయేవాళ్ల దారిలో బయటికి పోయి, మళ్లీ సామాను తనిఖీ వరసలో నిలబడి, వచ్చేవాళ్ల దారిలో లోపలికి రావాలా? అలా అయితే ఇంత అందమైన స్టేషన్‌లో మా అరగంట ఎప్పటికీ తిరిగి రాదు. ప్లాట్‌ఫామ్ నుంచి ప్లాట్‌ఫామ్‌కు బయటికి వెళ్లకుండా చేరే దారి, దానికి వాలు, దానికి లిఫ్టు, దానికి తెలుగులో బాణం గుర్తు ఇప్పుడే నమూనాలో ఉన్నాయో లేదో చూడాలి. కాంక్రీటు పడ్డాక చూసి లాభం లేదు. తిరుపతిలో, నెల్లూరులో కూడా స్టేషన్లు కొత్తగా కడుతున్నారు. అక్కడా ఇదే ప్రశ్న అడగవలసి ఉంది. ముఖ్యంగా తిరుపతిలో. అక్కడ బండి మారేవాళ్లలో సగం మంది ముసలివాళ్లు, గుండు చేయించుకున్న పసిపిల్లలతో వచ్చేవాళ్లు.

మీ విలేఖరులు ఎవరైనా ఒకరోజు గుంటూరు బండిలో వచ్చి సికింద్రాబాద్‌లో నిజామాబాద్ బండి అందుకుని చూసి రాస్తే నా ఉత్తరం కన్నా ఎక్కువ మేలు జరుగుతుంది. చేతిలో సామాను ఉంచుకోవాలని మాత్రం నా షరతు. బతుకమ్మ సరుకు మేం భాద్రపదంలోనే తీసుకెళ్లడం మొదలుపెడతాం. ఆ లోపు దిక్కుల పేరుతో రాసే పలక, వంతెన పేరు చెప్పే ప్రకటన, ఈ రెండూ వస్తే చాలు. ఈ విషయంలో ఇతర ఊళ్ల పాఠకులు తమ బండ్ల జంటల గురించి రాస్తే వాటినీ ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
చేనేత చీరలు అమ్ముకునే ఒక పాఠకురాలు,
మంగళగిరి, గుంటూరు జిల్లా